చిన్నతనంలో కంప్యూటరుపై కలిగిన ఇష్టం మీలో జీవితాంతం ఎలా నిలిచింది?

ప్రశ్న: ఖమ్మం లెక్కల టీచరు

అందరికీ నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. వాళ్ల బడిలో వారానికొకసారి పిల్లలను కంప్యూటరు గదికి తీసుకువెళ్లి స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగు భాషలో బొమ్మలను కదిలించడం నేర్పుతున్నారు. ఆ తరగతి ఉన్న రోజున ఇంటికి వచ్చింది మొదలు పడుకునేదాకా ఆమెకు వేరే ధ్యాస ఉండదు. ఈమధ్య నా ఫోనులో తెలుగు టైపు చేస్తూ, “అమ్మా, నేను నొక్కింది ‘అ’ అని దీనికెలా తెలుస్తుంది?” అని అడిగింది. లోపల ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుందని చెప్పాను. “మరి ‘అ’కు ఎంత?” అంది. ఆ సంఖ్య నాకు తెలియదు.

మా బంధువుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవారికి కొదవ లేదు. వారిలో చాలామంది ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకును బట్టి ఆ చదువులోకి, ఆ చదువును బట్టి ఉద్యోగంలోకి వచ్చినవారే. పని చక్కగా చేస్తారు, ఇంటికి వచ్చాక దాని ఊసెత్తరు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఉద్యోగం సంగతి కాదు. చిన్నప్పుడు కంప్యూటరును చూసి ముచ్చటపడి, ఆ ఇష్టాన్ని నలభై, యాభై ఏళ్లు వచ్చినా వదులుకోనివారు ఈ వేదికలో ఉన్నారని పాత చర్చలు చదివితే తెలుస్తోంది. మీ విషయంలో ఆ ఇష్టాన్ని పట్టి నిలిపింది ఏమిటి? పిల్లల సరదాల్లో చాలావరకు ఏడాది తిరిగేసరికి మాయమవుతాయి కదా, ఇది ఎందుకు మాయం కాలేదు? దయచేసి వివరంగా రాయండి.

జవాబు 1: పాత బీబీసీ మైక్రో

టీచరు గారికి నమస్కారం. మీ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న చదివి నాకు చాలా సంతోషం కలిగింది. ‘ఎలా తెలుస్తుంది’ అని చాలామంది పిల్లలు అడుగుతారు. ‘ఆ సంఖ్య ఎంత’ అని అడిగే పిల్లలు తక్కువ.

1984లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల్లో కంప్యూటర్లను పరిచయం చేయడానికి క్లాస్ అనే పథకాన్ని ప్రారంభించింది. దాని కింద ఎంపికైన బడులకు ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. నేను చదివిన బడి వాటిలో ఒకటి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లవలసిన గది, కిటికీలకు ముదురు రంగు తెరలు, ఒక్కొక్క కంప్యూటరు ముందు నలుగురైదుగురు పిల్లలు. కీబోర్డు మీద చెయ్యి పెట్టే అవకాశం ఎప్పుడో గాని వచ్చేది కాదు కాబట్టి, ప్రోగ్రామును ముందుగానే నోటుపుస్తకంలో రాసుకుని, 10, 20, 30 అని వరుస సంఖ్యలు వేసుకుని, అది ఏ వరుసలో ఏమి చేస్తుందో మనసులోనే నడిపించి చూసుకునేవాళ్లం. కంప్యూటరు లేకుండా కంప్యూటరు గురించి ఆలోచించడం ఆ కొరత వల్లనే అలవాటైంది. ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది ఆ అలవాటే.

అయితే నన్ను కట్టిపడేసిన సంగతి వేరొకటి ఉంది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మీరు లెక్కలు చెప్పేవారు గనుక విసుగు కలగదనుకుంటాను. ఆ యంత్రంలో 32 కిలోబైట్ల మెమరీ, అంటే 32,768 బైట్లు ఉండేవి. తెరకు మోడ్ 0 నుంచి మోడ్ 7 వరకు ఎనిమిది తీరులు ఉండేవి. రంగురంగుల బొమ్మలు గీయడానికి మోడ్ 2 వాడేవాళ్లం. నేను ఒక పెద్ద ప్రోగ్రాము రాసుకుని వెళ్లి మోడ్ 2 అడిగితే, యంత్రం ‘బ్యాడ్ మోడ్’ అని ఊరుకుంది. అదే ప్రోగ్రామును పొట్టిగా చేస్తే పనిచేసింది. ప్రోగ్రాము పొడవుకూ తెర మీది రంగులకూ సంబంధమేమిటని మా మాస్టారిని అడిగితే, ఆయన నల్లబల్ల మీద ఒక లెక్క వేసి చూపించారు. మోడ్ 2లో అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 256 చుక్కలు, ఒక్కొక్క చుక్క రంగును గుర్తుంచుకోవడానికి నాలుగు బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, మూడింటినీ గుణించి ఎనిమిదితో భాగిస్తే 20,480 బైట్లు. అంటే తెర మీద కనిపించే బొమ్మ కూడా నా ప్రోగ్రాము ఉండే మెమరీలోనే ఉంటుంది. దానికి 20 కిలోబైట్లు పోతే, యంత్రం తన అవసరాలకు ఉంచుకునేది కూడా తీసివేస్తే, నాకు మిగిలేది దాదాపు 8,700 బైట్లు. అక్షరాలు మాత్రమే చూపే మోడ్ 7కు మొత్తం తెరకు ఒక్క కిలోబైటు చాలు.

ఆ తరువాత ఆయన మోడ్ 7లో తెరను తుడిచి, మెమరీలో 31744వ చిరునామాలో 65 అనే సంఖ్యను ఉంచమన్నారు. ఉంచాను. తెరకు ఎడమవైపు పైమూలలో ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ప్రత్యక్షమైంది. 66 ఉంచితే ‘బీ’. పక్క చిరునామా 31745లో పెడితే అక్షరం ఒక గడి పక్కకు జరిగింది. ప్రింట్ అనే ఆదేశాన్ని నేను ఇవ్వలేదు. సంఖ్యను ఒక చోట ఉంచాను, అది అక్షరమైంది. అంతవరకు ఆ పెట్టెలో ఏదో గొప్ప శక్తి ఉందని అనుకునేవాణ్ణి. ఆ రోజున అందులో ఉన్నవన్నీ వరుసగా పేర్చిన సంఖ్యలేననీ, వాటిలో ఏ ఒక్కదాన్నైనా నేను వెళ్లి ముట్టుకోవచ్చుననీ తెలిసింది. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. అర్థమైనకొద్దీ ముచ్చట తీరిపోయే వస్తువులు ఎన్నో ఉంటాయి. కంప్యూటరు విషయంలో ఒక పొర అర్థమైతే దాని కింద మరో పొర కనిపిస్తుంది. సంఖ్యను అక్షరంగా తెరకు పంపే చిప్పు ఏది, అది సెకనుకు ఎన్నిసార్లు ఆ మెమరీని చదువుతుంది, ప్రాసెసరూ అదీ ఒకే మెమరీని చదవబోతే తగువు రాదా అని ఒకదాని వెంట ఒకటి ప్రశ్నలు పుట్టాయి. వాటికి జవాబులు వెతుకుతూనే ఇంజనీరింగు పూర్తయింది.

మరొక సంగతి తరువాతి కాలంలో తెలిసింది. ఆ యంత్రంలోని బేసిక్ భాషను రాసిన సోఫీ విల్సన్, దాని తయారీలో పాలుపంచుకున్న స్టీవ్ ఫర్బర్ కలిసి, అదే ఏకార్న్ సంస్థలో ఒక కొత్త ప్రాసెసరును రూపొందించారు. దాని మొదటి చిప్పు 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. దానిపేరే ఆర్మ్. మీ అమ్మాయి ‘అ’ నొక్కిన ఫోనులో ఉన్నది ఆ వంశానికి చెందిన ప్రాసెసరే అయ్యుంటుంది. నేను హైదరాబాదులో కరెంటు మీటర్ల లోపల ఉండే చిన్న ఆర్మ్ చిప్పులకు ప్రోగ్రాములు రాస్తాను. వాటిలో కొన్నింటికి మెమరీ 8 కిలోబైట్లు మాత్రమే. ఏ బైటు దేనికి ఖర్చవుతోందో అని మాస్టారు నల్లబల్ల మీద వేసిన లెక్కనే ఇవాళ్టికీ ఉద్యోగంలో వేస్తున్నాను. ఆదివారం సాయంత్రాలు ఏ పనీ లేకపోయినా అదే వేస్తుంటాను.

జవాబు 2: తెనాలి పాఠకురాలు

నమస్తే అండి. నేను ఇంజనీరును కాను, బ్యాంకులో పనిచేస్తాను. అయినా మీ ప్రశ్న నన్నూ ఉద్దేశించిందేనని రాస్తున్నాను.

ముందుగా మీ అమ్మాయికి చెప్పవలసిన సంఖ్య: ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణంలో ‘అ’కు 3077. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు, అన్నీ నిండలేదు. మీ ఇంట్లో కంప్యూటరు ఉంటే, పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషను ఎక్కించుకోండి; అందులో ఆర్డ్ (ord) అనే ఫంక్షనుకు ఏ అక్షరం ఇచ్చినా దాని సంఖ్య చెబుతుంది. సంఖ్య ఇస్తే అక్షరం చెప్పడానికి సీహెచ్‌ఆర్ (chr) అనే ఫంక్షను ఉంది. తన పేరులోని అక్షరాలకు తానే చూసుకోమనండి.

మా నాన్నగారికి తెనాలిలో చిన్న అచ్చాఫీసు ఉండేది. సీసపు అక్షరాలను గడుల్లోంచి ఏరి కూర్చే రోజులు నాకు కొద్దిగానే గుర్తున్నాయి. నా ఎనిమిదో తరగతిలో ఆయన అప్పుచేసి ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు కొని డీటీపీ, అంటే కంప్యూటరు మీదే పేజీలు కూర్చే పని, మొదలుపెట్టారు. శుభలేఖలు, కరపత్రాలు, గైడు పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరులోనే. వేసవి సెలవుల్లో నేను ప్రూఫులు దిద్దేదాన్ని, క్రమంగా టైపు కూడా నేర్చుకున్నాను. మేము పక్క ఊరి ప్రెస్సుకు ఫ్లాపీలో ఒక శుభలేఖ పంపితే, ఆ కంప్యూటరులో మా ఫాంటు లేకపోవడం వల్ల వధూవరుల పేర్లు ఇంగ్లీషు అక్షరాలూ విరామచిహ్నాలూ కలగలిసిన గజిబిజిగా కనిపించాయి. ఫాంటు ఎక్కించగానే మళ్లీ తెలుగైంది. అది చూసినప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన: అయితే ఆ ఫైలులో నిజంగా ఉన్నది తెలుగా, ఇంగ్లీషా?

అప్పటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు ఉండే స్థానాల్లోనే తెలుగు ముక్కలను అమర్చేవారు. ఒక్కొక్క తెలుగు అక్షరాన్ని రెండు మూడు ముక్కలుగా కూర్చవలసి వచ్చేది. ఐత్వం రాయాలంటే పైభాగం ఒక మీట, కింది భాగం మరొక మీట. వత్తులకు వేరే మీటలు. కంటికి అక్షరం సరిగ్గా కనిపిస్తే చాలు, ఫైలులో అవి ఏ వరుసలో ఉన్నాయన్నది ఎవరికీ పట్టేది కాదు. ఒక్కొక్క కంపెనీ ఫాంటులో ఒక్కొక్క అమరిక. తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చిన కొత్తల్లో కూడా ఇదే పరిస్థితి ఉండడం వల్ల, ఒక పత్రికలోని మాటను మరో చోట వెతికితే దొరికేది కాదు.

యూనికోడ్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ‘స్త్రీ’ అనే అక్షరం కంటికి ఒకటిగా కనిపిస్తుంది, ఫైలులో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని పలికే క్రమంలో ఆరు సంఖ్యలుగా ఉంటుంది. వాటిని కలిపి తెర మీద సరైన రూపంలో చూపడం ఫాంటూ, దానికి తోడ్పడే సాఫ్ట్‌వేరూ చూసుకుంటాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చాక సామాన్యుల కంప్యూటర్లలో ఇది సాధ్యమైంది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగుగా మార్చే లేఖిని వంటి పనిముట్లు వచ్చాక తెలుగు కీబోర్డు నేర్చుకోనివారు కూడా తెలుగు రాయగలిగారు. నేను ఆ వెల్లువలో పుస్తకాలను అందరికీ ఉచితంగా ఉంచే వికీసోర్స్‌కు చేరుకున్నాను.

ఇప్పుడు నా సాయంత్రాలు ఎలా గడుస్తాయంటే, పాత ఫాంట్లలో టైపు చేసి మూలపడి ఉన్న పుస్తకాల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తుంటాను. ముక్కలను గుర్తుపట్టి, చూపు వరుసను పలుకు వరుసగా మార్చాలి. వత్తు కింద ఉంటుంది కాబట్టి టైపు చేసినవారు దాన్ని గుణింతపు గుర్తుకు ముందు కొట్టారో, తరువాత కొట్టారో చెప్పలేము; ఇద్దరు టైపిస్టులు రెండు రకాలుగా కొట్టిన పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. ప్రోగ్రాము రెంటినీ అర్థం చేసుకోవాలి. ఒక పేజీ మొత్తం తప్పులేకుండా మారినప్పుడు నాకు కలిగే ఆనందం, జీతం పెరిగినప్పుడు కూడా కలగదు. చిన్ననాటి ఇష్టం నాలో నిలవడానికి కారణం, అది నాకు కావలసిన మరొకదానితో, అంటే తెలుగు పుస్తకంతో, ముడిపడడమే. ఒట్టి యంత్రమే అయితే నేను దాని దగ్గర ఇంతకాలం ఉండేదాన్ని కాదు. ఈ విషయంలో పాత బీబీసీ మైక్రో గారి అనుభవానికీ నాకూ తేడా ఉంది.

జవాబు 3: పిట్స్‌బర్గ్ మాస్టారు

పై రెండు జవాబులూ ఎంతో ఇష్టంగా చదివాను. వాటికి విరుద్ధంగా కాదు గానీ, ఒక తల్లి అడిగిన ప్రశ్న కాబట్టి మరో కోణాన్ని కూడా ఇక్కడ ఉంచడం అవసరమని భావిస్తున్నాను.

చిన్నతనంలోనే కంప్యూటరు పిచ్చి పట్టినవారి కథలు మనకు బాగా తెలుసు. కంప్యూటరును నడిపే లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరును సృష్టించిన లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో గణాంకశాస్త్ర ఆచార్యులైన తన తాతగారి కమడోర్ విక్-20 అనే చిన్న కంప్యూటరు మీద ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. అప్పటికి ఆయనకు పదకొండేళ్లు ఉంటాయి. ఇటువంటి కథలు నిజమే. అయితే అవి పదేపదే చెప్పుకోవడం వల్ల, చిన్నప్పుడు అలా మొదలుపెట్టనివారు దీనికి పనికిరారనే అభిప్రాయం బలపడింది. ఆ అభిప్రాయం చేసిన నష్టం చిన్నది కాదు.

1990లలో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ కంప్యూటర్ సైన్సు విద్యార్థులతో ఏళ్ల తరబడి మాట్లాడి అధ్యయనం చేశారు. 1995లో అక్కడ ఆ విభాగంలో చేరినవారిలో అమ్మాయిలు 7 శాతమే. చాలా కుటుంబాల్లో ఇంటి కంప్యూటరు అబ్బాయి గదిలో ఉండేదనీ, తండ్రి కొడుకుతో కలిసి దాని ముందు కూర్చునేవాడనీ, కూతురు ఎప్పుడో ఖాళీ దొరికితే చూసేదనీ వారు గమనించారు. చాలామంది అమ్మాయిల ఆసక్తి యంత్రం మీద కంటే దానితో ఏమి సాధించవచ్చుననే దాని మీద ఉందని కూడా తేలింది. తెనాలి పాఠకురాలు గారు తన జవాబు చివర రాసింది అచ్చంగా అదే. ప్రవేశాల్లో ముందే ప్రోగ్రామింగు వచ్చి ఉండాలన్న పట్టింపును సడలించి, కొత్తగా మొదలుపెట్టేవారికి వేరే తొలిపాఠాలు పెట్టాక, 2000 నాటికి చేరిన అమ్మాయిలు 42 శాతానికి పెరిగారు.

ఆ మార్పు జరిగిన కాలంలో ఎక్కువ భాగం ఆ కంప్యూటర్ సైన్సు విభాగానికి డీన్‌గా ఉన్నది మన రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా వెళ్లాక గాని ఆయన కంప్యూటరు ముఖం చూడలేదు. యంత్రం మనిషి మాటను గుర్తుపట్టే విద్యలో తొలితరం పరిశోధనలు చేసి, 1994లో కంప్యూటర్ సైన్సులో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. బాల్యంలో కంప్యూటరు లేకపోవడం ఆయన అభిరుచికి ఏ లోటూ చేయలేదు.

కాబట్టి టీచరు గారూ, మీ అమ్మాయికి వచ్చే ఏడాది ఈ ధ్యాస తగ్గి చిత్రలేఖనం మీదికో, కబడ్డీ మీదికో మళ్లితే మీరు నిరుత్సాహపడవద్దు. పదహారేళ్లకో ఇరవై ఏళ్లకో వేరే దారిలో తిరిగి రావచ్చు. నా విద్యార్థుల్లో అలా వచ్చి నిలిచినవారిని చూస్తూనే ఉన్నాను.

ఖమ్మం లెక్కల టీచరు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మోడ్ 2 లెక్కను నిన్న నా తొమ్మిదో తరగతి పిల్లలతో బల్ల మీద వేయించాను. 160ని 256తో గుణించడం ఇంత ఉత్సాహంగా ఎప్పుడూ చేయలేదు. మా అమ్మాయి తన పేరును సంఖ్యలుగా రాసుకుని గోడకు అంటించుకుంది.

ఒక్క సందేహం. ఇంట్లో మావారి పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, చాలా నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని పాపకు ఇవ్వాలా, లేక కొంచెం ఆగి కొత్తది కొనాలా? పాతదాన్ని పాడుచేస్తుందేమోనని ఆయనకు అనుమానం.

జవాబు 4: పాత బీబీసీ మైక్రో

పాతదే ఇవ్వండి, పాడుచేయనివ్వండి కూడా. కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు కలిసి 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే చౌక కంప్యూటరును తెచ్చింది ఇందుకే. కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తు చేసే విద్యార్థులు తగ్గడమే కాకుండా, వచ్చినవారికి కూడా యంత్రంతో చెలిమి తగ్గిపోతోందని వారు గమనించారు. ఇంట్లో అందరూ వాడే ఖరీదైన కంప్యూటరును విప్పి చూసే ధైర్యం ఏ పిల్లలకూ ఉండదు. రాస్ప్‌బెర్రీ పై మోడళ్లకు ఏ, బీ అని పేర్లు పెట్టడం బీబీసీ మైక్రో మోడళ్లను తలుచుకునే.

చేయవలసింది ఇంతే. ముందుగా అందులోని ఫోటోలు, కాగితాలు అన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎత్తి దాచుకోండి. తరువాత మొత్తం తుడిచి తేలికపాటి లినక్స్ ఒకటి ఎక్కించండి. ఎక్కించే పని మీరు చేయకుండా, పక్కన కూర్చుని పాపతోనే చేయించండి. ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవచ్చు, నష్టమేమీ ఉండదని ముందే చెప్పండి. పిట్స్‌బర్గ్ మాస్టారు చెప్పిన అధ్యయనాన్ని బట్టి ఇంకొక్క మాట: ఆ లాప్‌టాప్ ఆమె బల్ల మీదే ఉండాలి, ఇంట్లో ఇంకెవరైనా దాన్ని తీసుకోవాలంటే ఆమెను అడిగి తీసుకోవాలి.

లాప్‌టాప్ ఏ సంవత్సరానిదో, అందులో మెమరీ ఎంత ఉందో రాయండి. దానికి ఏ లినక్స్ సరిపోతుందో చెబుతాను. తెలుగు కీబోర్డు అమరికను ఎలా పెట్టుకోవాలో తెనాలి పాఠకురాలు గారు నాకంటే బాగా చెప్పగలరు.